రేడియో తీగ

శనివారం మధ్యాహ్నం మూడుంబావుకు మా బావ కారులో రేడియో పెట్టాడు. ఇంజన్ ఆపే ఉంది. తాళంచెవిని మాత్రం తిప్పి ఉంచాడు, లేకపోతే ఆ రేడియో పలకదు. ప్రతి శనివారం ఆయన చేసే పనే. ఆ వేళకు నేను హనుమకొండలో, కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో, పిల్లలు బల్లల మీద వదిలేసిపోయిన తీగలను చుట్టలు చుట్టి అల్మారాలో పెడుతున్నాను. మూడుంబావు అని ఇంత కచ్చితంగా నాకెలా తెలుసంటే, బావ తర్వాతి రోజుల్లో పదిమంది ముందు నిలబడి చాలాసార్లు ఆ వేళ చెప్పాడు. విన్న ప్రతిసారీ నేను తల దించుకున్నాను. చూసినవాళ్ళు అది దుఃఖం అనుకున్నారు.

దుఃఖం ఉంది. కానీ తల దించుకున్నది దానికి కాదు. ఇన్నేళ్ళుగా నేను ఒక మాట మోస్తున్నాను. భార్యకు చెప్పలేదు. అక్కకు చెప్పలేదు. ప్రార్థనలో కూడా చెప్పలేదు, మోకాళ్ళ మీద ఉన్నప్పుడు దాని పక్కనుంచి మెల్లగా నడిచి వెళ్ళిపోయేవాణ్ణి. బావ పోయి నెల కూడా కాలేదు. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా బావ డాక్టరు. కాశిబుగ్గలో నేతగాళ్ళ ఇళ్ళ మధ్య చిన్న దవాఖానా నడిపేవాడు. అక్క అందులో నర్సు. శనివారం వచ్చిందంటే ఇద్దరూ ములుగు దాటి, అడవి అంచున ఉన్న ఒక ఊరికి పోయి, బడి వరండాలో బల్ల వేసుకుని, సాయంత్రం దాకా జనాన్ని చూసి వచ్చేవాళ్ళు. ఆ ఊరి పేరు రాయను.

పోయి రావడానికి వాళ్ళకున్నది ఒక స్పోర్ట్స్ కారు. నవ్వొస్తుంది కదా. ఎప్పుడో ఒక ఇంగ్లీషు డాక్టరు తన దేశం నుంచి ఓడలో తెప్పించుకున్న కారు అది. తిరిగి వెళ్ళిపోతూ, తన దగ్గర పని నేర్చుకున్న బావకు ఇచ్చిపోయాడు. రెండే సీట్లు. నేల మీద కూర్చున్నట్టుండేది. పైకప్పు గుడ్డ చిరిగిపోతే కాశిబుగ్గ వాళ్ళు మందపాటి బట్ట నేసి కుట్టించి ఇచ్చారు, సీట్ల మీదకు జంపఖానా ముక్కలు వేశారు. మూడో మనిషి ఎక్కితే సీట్ల వెనక సందులో, మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. కాలేజీకి సెలవు ఉన్న శనివారాల్లో ఆ మూడో మనిషిని నేను.

ఆ కారుకు ఒక జబ్బు ఉండేది. పెట్రోలు మండాలంటే ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టాలి. దానికోసం పాత కార్లలో రెండు చిన్న లోహపు బిళ్ళలు ఒకదాన్నొకటి తాకుతూ విడిపోతూ ఉంటాయి. పాయింట్లు అంటారు వాటిని. మా కారులో అవి మాటిమాటికీ నల్లబడేవి. కారు రోడ్డు మీద దగ్గి దగ్గి ఆగిపోయేది. బావ దిగి, మూత తీసి, చొక్కా జేబులో పెన్ను పక్కన పెట్టుకునే సన్నటి ఆకురాయితో ఆ బిళ్ళలను గీకి, ఉఫ్ అని ఊది, మూత పెట్టేవాడు. కారు కదిలేది.

"దీనికేం రోగం లేదు బామ్మర్ది. పొద్దుగాల నాలుక గీక్కోలే, గంతే" అనేవాడు.

ఊళ్ళో బడి ముందు కారు ఆగగానే, అక్క సూదులు మరగబెట్టుకునే లోపు, బావ రేడియో పెట్టేవాడు. చెట్ల కింద వంతు కోసం కూర్చున్న జనం కారు చుట్టూ చేరేవాళ్ళు. పాటలు, నాటికలు, ఏది వస్తే అది. జ్వరంతో వచ్చినవాళ్ళు కూడా చెవి పెట్టి వినేవాళ్ళు. లచ్చవ్వ అని ఒక పెద్దామె, వరండాకు ఎదురింట్లో ఉండేది. ఆమె నోటికి ఎవరూ ఆగేవాళ్ళు కాదు.

"సారూ, మీ సూదులు మీరే కుచ్చుకోండ్రి. మాకు గా డబ్బ పెట్టుండ్రి సాలు, సగం నొప్పి గట్లనే పోతది."

"సూది వద్దంటే డబ్బ బందే లచ్చవ్వా" అనేవాడు బావ.

ఇదంతా నేను చూశాను. ఇంజన్ ఆగి ఉండగా గంటలకొద్దీ ఆ రేడియో మోగడం నా కళ్ళతో చూశాను. ఈ సంగతి మీరు గుర్తుంచుకోవాలి. నాకు తెలియక జరిగిందని మీరు అనుకోకూడదు.

నేను ల్యాబులో డెమాన్‌స్ట్రేటర్‌ని. పైకి పోలేదు. పుస్తకాలు చదువుతాను, ట్రాన్సిస్టర్లతో ఏవో చిన్న చిన్న పరికరాలు కడతాను. ఇంట్లో నా మాటకు పెద్ద విలువ ఉండేది కాదు. ఉన్నదల్లా బావ దగ్గరే. నేను ఏది చెప్పినా ఆయన పని ఆపి వినేవాడు. ఆ వినడం నాకు అలవాటైపోయింది. ఆయన ముందు ఏదైనా పెద్ద పని చేసి చూపాలని ఉండేది. ఈ ఒక్క కోరిక లేకపోతే ఏమయ్యేదో అని ఎన్నోసార్లు అనుకున్నాను. కారు అలాగే దగ్గుతూ పోయేది. అంతే కదా.

సికింద్రాబాదులో పాత సామాన్ల బజారులో ఒకతను పాయింట్లు అక్కర్లేని ఇగ్నిషన్ పెట్టెలు తయారుచేస్తాడని తెలిసి వెళ్ళాను. పాయింట్ల పని అందులో ఒక ట్రాన్సిస్టర్ చేస్తుంది. నల్లబడేది లేదు, గీకేది లేదు. అతను పెట్టెను కాగితంలో చుడుతూ చుడుతూ ఆగి నా ముఖం చూశాడు.

"ఒక్క ముచ్చట యాదికుంచుకో సార్. ఇంజన్ బంద్ జేసినంక చావి ఆన్ మీద ఇడ్వద్దు. ఇడిస్తే లోపల కాలిపోతది. కాలినంక ఇగ నేను గూడ ఏం జెయ్యలేను."

"తెలుసు" అన్నాను.

నిజంగానే తెలుసు. అతను చెప్పకపోయినా తెలిసేదే. ఇంజన్ ఆగి తాళంచెవి తిప్పి ఉంటే కరెంటు ఆ పెట్టెలోంచి పారుతూనే ఉంటుంది. లోపలిది వేడెక్కుతుంది, ఒక్కరోజులో కాలకపోయినా కొంచెం కొంచెంగా చెడుతుంది. పాయింట్లయితే ఆ వేడికి నల్లబడతాయి, గీకితే సరిపోతుంది. ట్రాన్సిస్టర్‌ను గీకలేం.

క్రిస్మస్ సెలవుల్లో, దవాఖానా వెనక రేకుల షెడ్డులో, పెట్టె బిగించాను. పని తేలిక కాదు. ఆ కారులో బ్యాటరీ ప్లస్సు బాడీకి కలిపి ఉంటుంది, మన కార్లలో మైనస్సు కలుపుతారు. పెట్టెకు కావలసింది మైనస్సు. అంటే బ్యాటరీ తీగలు తిరగెయ్యాలి, డైనమో సరిచెయ్యాలి, రేడియో తీగలు అటూ ఇటూ మార్చాలి. మార్చాను. రేడియో తీగ విప్పాను. అది నా చేతిలో ఉంది. దాన్ని మళ్ళీ తాళంచెవి దగ్గర కాకుండా నేరుగా బ్యాటరీకి కలిపితే చాలు, బావ తాళంచెవి తిప్పకుండానే రేడియో పెట్టుకోవచ్చు, పెట్టెకు ఏ ప్రమాదమూ ఉండదు. మూర పొడవు తీగ ఇంకొంచెం కావాలి. అంతే.

ఆ తీగ పట్టుకుని నేను ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. బావ పక్కనే స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు.

"ఏం బామ్మర్ది, ఇగ నా ఆకురాయికి పని లేదా?"

"లేదు బావా. ఇగ దీన్ని ముట్టుడే లేదు."

"మరి తొవ్వల ఆగితే?"

"ఆగది."

ఆగదు అన్నాను. అన్న తర్వాత రేడియో తీగ స్థానం మారిస్తే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలి. ఇది కాలిపోయే వస్తువని, జాగ్రత్తగా చూసుకోవాలని, నా కొత్త పెట్టె ఆయన పాత పాయింట్ల కంటే సుకుమారమైనదని చెప్పాలి. అప్పుడు ఆయన నవ్వి, మనకెందుకులే, పాతదే పెట్టు అనేవాడు. కచ్చితంగా అనేవాడు. ఆయనకు కారు కావాలి, ఊళ్ళో జనానికి రేడియో కావాలి. నాకు నా పెట్టె కావాలి.

రేడియో తీగను పాతచోటే బిగించాను.

ఇంకో పని కూడా చేశాను. పాత పాయింట్లు, వాటిని బిగించే పళ్ళెం, కారులో ఆయన విడిగా దాచుకున్న కొత్త జత, అన్నీ ఒక డబ్బాలో వేసి, ఇవి ఇంకెందుకు అని మా ఇంటికి పట్టుకుపోయాను. అవి కారులో ఉండి ఉంటే ఆయన రోడ్డు పక్కనైనా తిరిగి బిగించుకోగలిగేవాడు. ఆయనకు చేతనైన ఒక్క మరమ్మతును ఆయన చేతుల్లోంచి తీసేసి, చేతకానిది పెట్టాను. ఇది అప్పుడు తోచలేదు. అప్పుడు ఆ డబ్బా పట్టుకుని నడుస్తుంటే ఒంట్లో ఏదో హుషారు.

ఆ తర్వాత కొన్ని శనివారాలు గడిచాయి. కారు దగ్గలేదు. ఆగలేదు. బావ కాశిబుగ్గలో కనిపించిన ప్రతివాడికీ మా బామ్మర్ది పని అని చెప్పుకున్నాడు. ప్రతి శనివారం సాయంత్రం ఆ కారు చప్పుడు వినగానే, చూశావా, ఏం కాలేదు అనుకునేవాణ్ణి. ల్యాబులోంచి మూర తీగ కత్తిరించి సంచిలో కూడా వేసుకున్నాను, ఏదో ఒక ఆదివారం చప్పుడు లేకుండా మార్చేద్దామని. ఆదివారాలు వచ్చాయి. ఒకసారి చుట్టాలు. ఒకసారి పరీక్ష పేపర్లు. ఒకసారి ఏ కారణమూ లేదు. చలికాలం పోయింది, ఎండలు ముదిరాయి. ఆ తీగ సంచిలోనే ఉంది.

ఆ శనివారం లచ్చవ్వ కోడలు సమ్మక్కకు నొప్పులు వస్తున్నాయి. అక్క ఎదురింట్లోకి పోయింది. బావ వరండాలో జనాన్ని చూస్తున్నాడు. మూడుంబావుకు రేడియో పెట్టాడు. నాలుగు దాటాక కాన్పు అయింది. ఆడపిల్ల. ఏడ్చింది. తల్లికి రక్తం ఆగలేదు. సూది ఇచ్చారు, అక్క పొట్ట మీద రెండు చేతులూ వేసి నొక్కి పట్టింది. ఆగలేదు. పెద్ద దవాఖానాకు తీసుకుపోయి రక్తం ఎక్కించాలి. పక్క సీట్లో జంపఖానా పరిచి, బావ కారెక్కి స్టార్టర్ నొక్కాడు.

ఇంజన్ తిరిగింది. అంటుకోలేదు. ఊరంతా వచ్చి నెట్టారు. అంటుకోలేదు.

బావ మూత తీశాడు. ఇది అక్క చెప్పింది. అలవాటు చొప్పున జేబులోంచి ఆకురాయి తీసి లోపలికి చూశాడట. గీకడానికి అక్కడ ఏమీ లేదు. ఆకురాయి చేత్తో పట్టుకుని అలాగే వంగి చూస్తూ ఉండిపోయాడట. ఇది తలుచుకోకుండా నేను ఒక్క రోజూ ఉండలేదు.

ఎడ్లబండి కట్టారు. రోడ్డుకు చేరి ఏ జీపునైనా ఆపుదామని. రోడ్డు కనిపించకముందే ఆమె పోయింది. అక్క చేతులు ఇంకా ఆమె పొట్ట మీదే ఉన్నాయి.

మర్నాడు కారును లారీకి కట్టి లాక్కొచ్చారు. షెడ్డులో పెట్టె విప్పాను. విప్పకముందే కాలిన వాసన. బావ స్నానం చేయలేదు, నిన్నటి చొక్కానే. అదే స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమైందిరా?"

"లోపలిది కాలింది బావా."

"ఎందుకు కాలింది?"

ఏదైనా చెప్పవచ్చు. ఎండకు కాలిందని చెప్పవచ్చు, పెట్టె నాసిరకం అని చెప్పవచ్చు. నేను నిజం చెప్పాను. ఆ నిజం ఎందుకు చెప్పానో కూడా నాకు తెలుసు. కారణం కనుక్కున్నవాడిగా కనిపించాలని.

"ఇంజన్ బంద్ ఉండంగ చావి శానసేపు ఆన్ మీదున్నట్టుంది. అట్లుంటే కాల్తది."

ఆయన స్టూలు మీదనుంచే కారులోని రేడియో వైపు చూశాడు.

"అంటే, రేడియో పెట్టుడుతోనా?"

"ఆ."

"నీకు ముందుగాల తెల్సా గీ సంగతి?"

"తెల్వదు బావా. ఇప్పుడు విప్పితే తెల్సింది."

ఆయన తల ఊపాడు. నన్ను నమ్మాడు. లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు ఫికర్ జెయ్యకు. నీ తప్పేం లేదు. పెట్టినోణ్ణి నేను" అన్నాడు.

తెల్వదన్న ఒక్క మాట. దాన్ని వెనక్కి తీసుకోవడానికి ఆ పూట వీలుంది, ఆ సాయంత్రం వీలుంది, మర్నాడు వీలుంది. రోజు గడిచినకొద్దీ ఇంకా కష్టమైంది. మొదట ఒక మాట ఒప్పుకుంటే సరిపోయేది. తర్వాత ఆ మాటతో పాటు ఇన్ని రోజులు ఎందుకు ఊరుకున్నావన్నది కూడా ఒప్పుకోవాలి. ఊరుకోవడమే తప్పులో పెద్ద భాగమై కూర్చుంది. మనిషి పిరికివాడు ఒక్కసారిగా అవుతాడా? నేను కొంచెం కొంచెంగా అయ్యాను.

మా చర్చి సంఘంలో ఆదివారం పాటల తర్వాత సాక్ష్యాలు చెప్పుకునే సమయం ఒకటి ఉంటుంది. ఎవరి జీవితంలో జరిగింది వాళ్ళు లేచి చెబుతారు. జబ్బు తగ్గిందని, తాగుడు మానానని. కొన్ని వారాల తర్వాత బావ లేచాడు.

"నా చేతులతోని నేనే ఒక తల్లి పానం దీసిన. మందు తప్పియ్యలె, సూది తప్పియ్యలె. మూడుంబావుకు రేడియో పెట్టిన. నేను పాటలు వెట్టుకుంట కూసున్న."

చుట్టూ ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. పాస్టరుగారు వచ్చి ఆయన తల మీద చెయ్యి పెట్టి, ప్రభువు క్షమించాడని చెప్పారు. నేను మూడో బెంచీలో ఉన్నాను. నా పాపాన్ని ఇంకొకడు లేచి నిలబడి ఒప్పుకుంటున్నాడు, దానికి క్షమాపణ కూడా ఆయనకే దొరుకుతోంది, ఆ క్షమాపణ ఆయనకు అక్కరకు రావడం లేదు. ఇదంతా నేను కూర్చుని విన్నాను. చివర్లో అందరితో పాటు పాడాను కూడా. గొంతు బాగానే వచ్చింది.

ఆయన ఆ సాక్ష్యం మళ్ళీ మళ్ళీ చెప్పాడు. మరిపెడ నుంచి వచ్చినవాళ్ళ ముందు, ఉపవాస కూటాల్లో, ఎవరు అడిగినా. కారును మళ్ళీ ముట్టుకోలేదు. నేను డబ్బాలోని పాయింట్లు తెచ్చి బిగిస్తానంటే వద్దన్నాడు. దాని మీద ఒక జంపఖానా కప్పాడు. తర్వాత హైదరాబాదు నుంచి ఎవరో వచ్చి తీసుకుపోయారు. ఆ ఊరికి ఆయన పోలేదు. బడి వరండా ముందు నిలబడలేనన్నాడు. అక్క కొన్నాళ్ళు బస్సులో పోయింది. ఆమెకూ ఓపిక తగ్గింది.

ఆకురాయి మాత్రం చివరిదాకా ఆయన జేబులోనే ఉండేది. పెన్ను పక్కన.

బావ భూస్థాపన రోజు లచ్చవ్వ వచ్చింది. చాలా ముసలిదైంది. పక్కన ఆ పిల్ల, బడికి పోయే వయసు, మెడ దాకా నూనె పెట్టి దువ్విన జడలు. అందరూ మట్టి వేసి వెళ్ళిపోయాక లచ్చవ్వ సమాధి దగ్గరే నిలబడింది. నన్ను గుర్తుపట్టి నా చెయ్యి పట్టుకుంది.

"సారు తప్పేం లేదు బిడ్డా. ఆయన ఊకెనే పెట్టలే. మీ ఇంట్ల కాన్పైతాంది, ఇయ్యాల వద్దు లచ్చవ్వా అన్నడు. నేనే పెట్టుమన్న. కోడలు పొల్ల ఒర్లుతాంటె ఇనలేక, జర పాటలు పెట్టుండ్రి సారూ అని కాళ్ళు మొక్కిన. నేను అడగకపోతే పెట్టకపోతుండె."

ఆమె అడిగిందని బావ ఎన్నడూ చెప్పలేదు. అన్ని సాక్ష్యాల్లో ఒక్కసారి కూడా ఆమె పేరు రాలేదు. చెప్పి ఉంటే ఆయన బరువు కొంతైనా దిగేది. ఆమెకు ఎక్కుతుందని చెప్పలేదు. కానీ అది ముందే ఆమెకు ఎక్కి ఉంది, ఆయనకు తెలియదు. ఇద్దరూ నాది మోశారు, ఒకరికి తెలియకుండా ఒకరు.

ఆమెను, పిల్లను బస్‌స్టాండు దాకా తీసుకుపోయాను. ములుగు బస్సు ఆలస్యమైంది. సిమెంటు బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. అవ్వా, నువ్వు అడిగినందుకు కాదు, సారు పెట్టినందుకు కాదు, ఒక తీగ మార్చాల్సి ఉండింది, అది నా చేతిలోనే ఉండింది, అన్న మాటలు నోటిదాకా వచ్చాయి. పిల్ల నా వైపు చూస్తూ సోడా తాగుతోంది. పిల్ల ముందు ఎలా అనుకున్నాను. చూశారా, అప్పుడు కూడా ఒక కారణం దొరికింది. బస్సు వచ్చింది. ఆమెను చెయ్యి పట్టి ఎక్కించాను. చల్లగుండు బిడ్డా అని దీవించింది.

అందుకే రాస్తున్నాను. చావి ఆన్ మీద ఉంటే కాలిపోతుందని నాకు ముందే తెలుసు. తెలిసి తీగ మార్చలేదు. తెలిసి తెలియదన్నాను. దీన్ని ఇంతకంటే చిన్నగా చెప్పలేను, పెద్దగా కూడా చెప్పను. రాశాక గుండెలో కొంచెం గాలి ఆడుతున్నట్టుంది, అంతవరకే. ఎవరూ క్షమించాలని కాదు. క్షమించగలవాడు మట్టిలో ఉన్నాడు. లచ్చవ్వకు చదువు రాదు. ఆ పిల్లకు వస్తుంది.

బస్సెక్కుతూ లచ్చవ్వ ఇంకో మాట చెప్పింది. సారు సాక్ష్యం ఎలాగో వాళ్ళ ఊరి దాకా పోయిందట. అప్పటి నుంచి ఆ ఊళ్ళో ఏ ఆడమనిషికి నొప్పులు వస్తున్నా, ఎవరి ఇంట్లోనూ రేడియో పెట్టరు.